చెక్కు మీద నెంబరు

శుక్రవారం పొద్దున్న ఆరింటికి లియోన్ ఎచార్ట్ కళ్ళజోడు తుడుచుకుని, జీతం చెక్కును దీపం కింద పెట్టుకుని, రేడియో సెట్టు మీట నొక్కి, తన స్టేషన్ నెంబరు చెప్పి పిలిచాడు.

"సల్ఫర్, ఇక్కడ నలభై రెండు. పార్టు నెంబరు రాసుకుంటావా?"

నూట పది మైళ్ళ అవతల, సల్ఫర్ వెల్స్ స్టేషన్లో, డార్లీన్ కుర్చీ లాక్కున్న చప్పుడు కూడా వినిపించింది అతనికి.

"రాసుకుంటా. నువ్వే ముందు చదువు."

"మూడు, ఏడు, ఏడు, ఏడు, ఐదు."

"చంపావు పో! మూడు ఏడులా? ఏ దేవుడికి మొక్కుకుంటావయ్యా నువ్వు?"

"నా సంగతి తర్వాత. నీదేంటో చెప్పు."

కాసేపు గరగర తప్ప ఏమీ లేదు. "ఆరు, ఒకటి, ఒకటి, ఎనిమిది, ఐదు. ఆసుల జత ఉండి కూడా ఓడిపోయాను చూడు. నా మొహాన ఇంతే రాసిపెట్టుంది."

"ఈ ఏడాది నాకు నువ్వు ఇవ్వాల్సిన కాఫీ పద్నాలుగు కప్పులు."

"రాసుకో రాసుకో. తాగి చస్తావు ఒకనాడు."

ప్రభుత్వ రేడియో మీద ప్రభుత్వ పనులే మాట్లాడాలని రూలు. అందుకే ఇద్దరూ తమ చెక్కుల నెంబర్లకి పార్టు నెంబర్లని పేరు పెట్టుకున్నారు. ఆ రహదారి మీద పనిచేసే రోడ్ల శాఖ వాళ్ళందరి దగ్గరా ఆ సెట్లే ఉన్నాయి. ఏ లారీకీ రెండు వారాలకోసారి, అదీ సరిగ్గా జీతాల రోజున, పార్టు పాడవదని వాళ్ళందరికీ తెలుసు. పదేళ్ళుగా ఎవరూ నోరు మెదపలేదు. ఆ మాత్రం మర్యాద ఆ చలి ఎడారిలో ఇంకా మిగిలి ఉంది.

ఆట చాలా తేలిక. చెక్కు మీద నెంబరు ఉంటుంది కదా, అందులో చివరి ఐదంకెలు ఐదు పేకముక్కలు అనుకోవాలి. జత పడితే జత. ఒకే అంకె మూడుసార్లు పడితే ఇంకా మేలు. ఏదీ కలవకపోతే ఎవరి దగ్గర పెద్దంకె ఉంటే వాళ్ళదే గెలుపు. ఒకటంటే ఆసు, సున్నా అంటే పది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఒక కప్పు కాఫీ ఇవ్వాలి. ఇచ్చింది లేదు, తాగింది లేదు. దాణా కొట్టువాడిచ్చిన గోడ క్యాలెండరు మీద రెండు వరసలు గీసుకుని లియోన్ అన్నీ రాసిపెట్టుకుంటాడు.

కనుమ మీద, లియోన్ మంచు తోసే ఈ స్టేషన్లో ఒకప్పుడు ఆరుగురు పనిచేసేవాళ్ళు. జీతాల రోజున ఊళ్ళోకి దిగి, స్పెయిన్ కొండల నుంచి గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ వాళ్ళ హోటల్లో పొడుగు బల్ల ముందు కూర్చుని, చెక్కులు బోర్లా పెట్టి ఒక్కొక్కటే తిప్పేవాళ్ళు. గొర్రెమాంసం కూర గిన్నె, చిక్కుళ్ళ గిన్నె చేతులు మారుతుంటే అరుపులు, తిట్లు, బల్ల గుద్దుళ్ళు. లియోన్ తాత ఆ హోటల్ పై గదిలోనే చచ్చిపోయాడు, గొర్రెలు కాసీ కాసీ. ఆ ఆరుగురిలో ఒకడు గుండె ఆగి పోయాడు, ఇద్దరు పింఛను పుచ్చుకుని వెచ్చటి ఊళ్ళకి పోయారు, ఇద్దరు వేరే శాఖలకి మారిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు తుఫాను రోజుల్లో వచ్చి, మంచు తోసి, ఊళ్ళో ఇళ్ళకి పోతారు. వాళ్ళ జీతం బ్యాంకులో పడుతుంది. కనుమ మీద, షెడ్డు వెనకాల రేకుల ఇంట్లో ఉండేది లియోన్ ఒక్కడే. పెళ్ళి ఒకటి చేసుకున్నాడు, నాలుగేళ్ళు నిలిచింది. బోస్కో అనే కుక్క ఉండేది, ఆగస్టులో పోయింది.

డార్లీన్ ఆటలోకి తనంతట తాను దూరింది. పదేళ్ళ క్రితం ఆమె సల్ఫర్ వెల్స్‌కి కొత్త. అప్పటికి మిగిలిన ఇద్దరు ఆటగాళ్ళు, లియోనూ ఇంకొకడూ, రేడియోలో నెంబర్లు చదువుకుంటుంటే మధ్యలో ఒక ఆడగొంతు వచ్చింది: "మీ ఇద్దరి పార్టులకంటే నా దగ్గరున్న పార్టు పెద్దది. ఇక్కడ మూడు తొమ్మిదులు." అంతే. ఆమె కూడా లియోన్ లాగానే మంచు తోసే లారీ నడుపుతుంది. లారీ డ్రైవరుగా పనిచేసిన మొగుడు పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. లియోన్ ఆమెని చూసింది ఒక్కసారే, ఎనిమిదేళ్ళ క్రితం, జిల్లాలో మంచు లారీల పోటీలప్పుడు. కాఫీ డబ్బా ముందు వరసలో నిలబడి నాలుగు నిమిషాలు టైర్లకి కట్టే గొలుసుల గురించి మాట్లాడుకున్నారు. ఇంటికొచ్చే దారంతా లియోన్ ఆ నాలుగు నిమిషాలనే తిరగేసుకున్నాడు.

శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో అతను నోరు తెరవాల్సిన పని పెద్దగా ఉండదు. అందుకే జీతాల రోజున ఆరింటికి ముందే వేణ్ణీళ్ళు తాగి, గొంతు తెరుచుకోవడానికి ఇంజనాయిలు డబ్బా మీది అక్షరాలు పైకి చదువుతాడు. డార్లీన్‌కి తన గొంతు తుప్పుపట్టినట్టు వినిపించకూడదని అతని పంతం.

అలాంటి శుక్రవారాలకి ఎసరు పెడుతూ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. చెక్కులు మానమని మార్చి నుంచి బతిమాలుతున్న ప్రభుత్వం ఇప్పుడు గద్దించింది. జనవరి ఒకటి నుంచి ఏ ఉద్యోగికీ కాగితం చెక్కు ఇవ్వబడదు, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో జమ చేయబడును, తీవ్రమైన కష్టం గలవారు జతపరిచిన ఫారంలో మినహాయింపు కోరవచ్చును.

బ్యాంకులో పడే డబ్బుకి నెంబరు ఉండదు. నెంబరు లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే, ముప్పై తొమ్మిదో మైలు దగ్గర చెట్టు పడిందనో, గుర్రాలు అడ్డం వచ్చాయనో తప్ప డార్లీన్‌తో మాట్లాడడానికి లియోన్ దగ్గర ఇంకో మాట లేదు. పదేళ్ళలో ఇంకో మాట వెతుక్కోలేదు, అది అతని తప్పే. కానీ తప్పని తెలిసినంత మాత్రాన అరవై ఒకటో ఏట మనిషికి మాటలు పుట్టుకురావు.

"డార్లీన్, ఆ ఫారం నింపావా?" ఆ శుక్రవారం ఆట అయ్యాక అడిగాడు.

"ఏ ఫారం?"

"ఏ ఫారం అంటావేంటి? చెక్కుల ఫారం. నెలాఖరుతో సరి."

"ఆ... చూస్తాలే. ముందు నీది కానీ."

"నీదీ కావాలి కదా. నేనొక్కడినే ఎవరితో ఆడను?"

"నీది కానీ అన్నాను కదా, ముసలోడా. దారిలో గుర్రాల మంద ఉందట, చూసుకుని పో."

ఫారంలో కష్టాలకి గడులు గీసి ఉన్నాయి. బ్యాంకు యాభై మైళ్ళకి పైగా దూరమా? కాదు, ముప్పై ఎనిమిదే. చలికాలంలో దారి మూసుకుపోతుందా? లియోన్ ఆ గడి దగ్గర పెన్ను ఆపి, ఎవరో తనని తిట్టినట్టు మొహం పెట్టాడు. కళ్ళు కనపడవా, బ్యాంకువాళ్ళు ఖాతా తెరవనన్నారా? లేదు. చివరి గడి "ఇతరములు". దాని ఎదురుగా మూడు గీతలు ఖాళీ. రెండు సాయంత్రాలు కూర్చుని, నాలుగు కాగితాలు చింపి, చివరికి ఇలా రాశాడు: "చెక్కు మీద నెంబరు ఉంటుంది. బ్యాంకులో పడే డబ్బుకి నెంబరు ఉండదు. నాకు ఆ నెంబరుతో పని ఉంది."

మంగళవారం జిల్లా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. జీతాల గుమాస్తా డెల్‌బర్ట్ యోస్ట్ చేపల బొమ్మలున్న టై కట్టుకుని కూర్చున్నాడు. లియోన్ ఈడువాడే, అతని కంటే రెండేళ్ళు ముందే శాఖలో చేరినవాడు.

"కూర్చో లియోన్. నీ దరఖాస్తు మూడుసార్లు చదివాను. ఇరవై ఐదేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు. ఏం పనయ్యా నీకు నెంబరుతో?"

"పనుంది."

"పార్టు నెంబర్లేనా?"

లియోన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఇంట్లోనూ సెట్టు ఉందిలే," అన్నాడు యోస్ట్, నవ్వు దాచుకోకుండా. "జీతాల రోజు పొద్దున్నే రొట్టె కాల్చుకుంటూ మా ఆవిడా నేనూ వింటాం. నేను నీ పక్షం, మా ఆవిడ డార్లీన్ పక్షం. పాపం, మా ఆవిడ ఈ మధ్య బాగా నష్టపోతోంది."

"ఇది ఆఫీసు పనా, వేళాకోళమా?"

"కోప్పడకు. ఇదిగో, ఇది కష్టం కింద రాదు. కష్టమంటే పైవాళ్ళకి కనపడాలి. ఓ పని చెయ్యి, రెండో గడిలో టిక్కు పెట్టెయ్. మీ కనుమ దారి చలికాలంలో మూసుకుపోతుంది కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరనడమేంటి? ఏడువేల అడుగుల ఎత్తు, మంచు కొండ."

"నేనక్కడికి వచ్చి ఇరవై మూడు చలికాలాలు. ఒక్క పూట మూసుకుపోలేదు."

"టిక్కు పెడితే ఎవరొచ్చి చూస్తారయ్యా?"

"నేను చూస్తాను," అన్నాడు లియోన్.

యోస్ట్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నీతో వేగలేను బాబూ. ఒక్కసారి పైవాళ్ళ గోడు కూడా విను. రాష్ట్రం మొత్తానికి ఇప్పుడు అచ్చయ్యేవి రెండు వందల పై చిల్లర చెక్కులు. వాటికో యంత్రం, దానికో మనిషి, కవర్లు, స్టాంపులు. మన జిల్లాకి వచ్చే ఆ ఒక్క చెక్కు కోసం—"

"రెండు."

"ఏం రెండు?"

"రెండు చెక్కులు. నాదీ, సల్ఫర్ వెల్స్‌దీ."

యోస్ట్ నాలిక కరుచుకున్నాడు. టై మీది చేపని వేలితో సర్దాడు. "అవునవును, రెండు. లెక్క తప్పాను," అన్నాడు.

ఇరవై మూడేళ్ళు పేకాడినవాడికి ఎదుటివాడి మొహం చదవడం ఒకరు నేర్పాలా? లియోన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, మెల్లగా అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"వేరేవాళ్ళ సంగతి నేను చెప్పకూడదు లియోన్."

"సరే."

"దరఖాస్తు ఉంచుతావా, తీసుకుపోతావా?"

లియోన్ కాగితం బల్ల మీదే వదిలేసి లేచాడు.

స్టేషన్‌కి వచ్చి కోటు కూడా విప్పకుండా గోడ మీది క్యాలెండరు దింపాడు. మార్చి నుంచి అతని వరస చూస్తే, ముప్పై మూడు వేల ఆరు వందల డెబ్భై ఒకటితో మొదలై, రెండేసి వందలు ఎక్కుతూ, మొన్నటి ముప్పై ఏడు వేల చిల్లర దాకా వచ్చింది. అన్నిటికీ ముందంకె మూడే. ఎక్కకేం చేస్తాయి, పక్షానికి అచ్చయ్యేవి రెండు వందలేనాయె. ఫిబ్రవరి దాకా డార్లీన్ నెంబర్లు కూడా అతని నెంబర్ల పక్కనే బుద్ధిగా నడిచాయి. మార్చి నుంచి చూస్తే ఒకటి ఎనభై వేలల్లో, తర్వాతది పంతొమ్మిది వేలల్లో, ఆ తర్వాతది అరవై ఒక్క వేలల్లో. కుందేళ్ళు గెంతినట్టు గెంతాయి. ఒకే యంత్రం మీద ఒకే రోజు అచ్చయిన చెక్కులకి అంత తేడా ఉండదని చిన్నపిల్లాడైనా చెబుతాడు. కానీ పేకాటగాడు ముక్కలు చూస్తాడు, నెంబరు చూడడు. పంతొమ్మిది జీతాలు తన చేత్తో తనే రాసుకుని, ఒక్కసారి కూడా చూడలేదు.

మార్చిలో మొదటి ఉత్తరం వచ్చినప్పుడు తను అన్న మాట గుర్తొచ్చింది. "నువ్వు కూడా చెక్కు మానేస్తే ఇక నేనీ సెట్టు కట్టేసుకోవడమే." దానికి ఆమె, "నేనెక్కడికి పోతాను?" అంది. అప్పటికే బ్యాంకు జమకి సంతకం పెట్టేసి ఉంటుంది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అంతకుముందు వంతులవారీగా చదువుకునేవాళ్ళు, ఒకసారి అతను ముందు, ఒకసారి ఆమె ముందు. మార్చి నుంచి ఎప్పుడూ ఒకటే మాట: నువ్వే ముందు చదువు. అతని ముక్కలు వినాలి, వాటికంటే కొంచెం తక్కువగా ఒక నెంబరు కట్టాలి, అదీ అనుమానం రాకుండా. మధ్యలో ఐదుసార్లు గెలిచింది కూడా.

జాలి. తన మీద ఎవరో జాలిపడుతున్నారు, అదీ జిల్లా అంతా రొట్టెలు కాల్చుకుంటూ వింటుండగా. లియోన్‌కి ఒళ్ళు మండిపోయింది. క్యాలెండరును పొయ్యిలో పడేద్దామని చుట్ట చుట్టాడు కూడా. అప్పుడు ఆగస్టు కాగితం బయటికి కనిపించింది.

బోస్కోని షెడ్డు వెనకాల పాతిపెట్టిన మర్నాడు జీతాల శుక్రవారం. ఆ రోజు అతని నెంబరు మూడు, ఆరు, రెండు, ఎనిమిది, నాలుగు. జతలేదు, పాడులేదు, పెద్దంకె ఎనిమిది. కుక్క పోయిన సంగతి చెప్పాకే చదివాడు. దానికెవరైనా ఓడిపోతారా? ఆమె చాలాసేపు ఆగి చదివింది: ఐదు, మూడు, ఏడు, రెండు, నాలుగు. పేకలో దానికంటే హీనమైన ముక్కలు ఇంకెవరికీ పడవు, పడడానికి వీల్లేదు. "నాకంటే దరిద్రురాలివి నువ్వు!" అని ఆ రోజు లియోన్ నవ్వాడు. కుక్క పోయాక అదే మొదటి నవ్వు. అవతల ఒక మనిషి కాగితం ముందేసుకుని, ఉన్నవాటిలోకెల్లా చిన్న అంకెలు ఏరి ఏరి కూర్చి పెట్టింది, అతనికి ఓడిపోవడానికి.

క్యాలెండరు మళ్ళీ గోడకి తగిలించాడు. కోపం మాత్రం పోలేదు. కోపానికి తోడు ఇంకేదో కూడా వచ్చి చేరింది, దానికి అతని దగ్గర పేరు లేదు. పది రోజులు ఆ రెంటినీ మోసుకుని తిరిగాడు.

డిసెంబరు మొదటి జీతం నాడు మీట నొక్కి, ఆయిలు డబ్బా మీద సాధన చేసుకున్న గొంతుతో అన్నాడు. "సల్ఫర్, నలభై రెండు. ఇవాళ నువ్వు ముందు చదువు."

గరగర.

"నువ్వే చదువు," అంది డార్లీన్.

"ఎప్పుడూ నేనేనా? ఇవాళ నీ వంతు."

ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఒక అంకె మొదలుపెట్టి ఆపేసింది. ఏం దాటకూడదో తెలియకపోతే ఎవరు మాత్రం ఓడిపోగలరు? చాలాసేపటికి, "ఇక్కడ ఫోను మోగుతోంది లియోన్," అంది. ఏ ఫోనూ మోగలేదు. సెట్టు కట్టేసిన టిక్కు మాత్రం స్పష్టంగా వినిపించింది.

అనుకున్నది సాధించాడు. ఆమె అబద్ధం పట్టుకున్నాడు. పట్టుకుని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత డార్లీన్ పనిమాటలకే పలికింది. "నలభై రెండు, గాలి ఎక్కువగా ఉంది" అంటే, "అందింది" అనేది. "ముసలోడా" లేదు, తిట్టు లేదు. వాళ్ళిద్దరి హద్దు అరవై ఒకటో మైలురాయి. ఇటునుంచి లియోన్ అక్కడిదాకా మంచు తోసుకుంటూ వెళ్ళి వెనక్కి తిరుగుతాడు, అటునుంచి ఆమె. ఇద్దరి వేళలు వేరు, ఎప్పుడూ ఎదురుపడరు. కానీ ఆమె మంచు తోసే బ్లేడు ఎత్తిన చోట మిగిలే మంచుగట్టు ప్రతిసారీ రాయి దాటి ఇటువైపు ఇరవై అడుగుల మీద ఉండేది. అతని వాటాలో ఇరవై అడుగులు ఆమే తోసిపెట్టేది. బండి తిప్పుకోవడానికి చోటు చాలక అనుకునేవాడు ఇన్నాళ్ళూ. డిసెంబరు రెండో వారంలో వెళ్ళి చూస్తే, గట్టు సరిగ్గా రాయి పక్కనే ఉంది. అంగుళం ఇటు రాలేదు. లియోన్ లారీ దిగి ఆ గట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నిలబడితే ఏముంది, అక్కడ కనుచూపు మేర మంచు, ఆ మంచులోంచి పొడుచుకొచ్చిన ముళ్ళపొదలు.

క్రిస్మస్‌కి ముందు జీతం నాడు పిలిస్తే, "సల్ఫర్ పనిలో ఉంది" అని మాత్రం వచ్చింది.

అదే రోజు తపాలాలో మినహాయింపు ఉత్తరం వచ్చింది. మంజూరు. ఒక ఏడాది పాటు శ్రీ లియోన్ ఎచార్ట్‌కి జీతం కాగితం చెక్కు ద్వారానే చెల్లించబడును. కారణం అన్నచోట అచ్చు అక్షరాలు లేవు. యోస్ట్ తన చేత్తో రెండే మాటలు రాశాడు: "కష్టం నిజమే."

ఆ రెండు మాటలు చదివి లియోన్ ఉత్తరాన్ని క్యాలెండరు మేకుకి గుచ్చాడు. ఎవరితో నెంబరు చెప్పుకోవడానికి ఇంత దూరం దేకాడో, ఆ మనిషిని తనే చేతులారా నోరు మూయించాడు. ఇప్పుడు చెక్కు వస్తుంది, నెంబరు వస్తుంది. వినేవాళ్ళు లేరు. పండగ రోజు డబ్బాలో చిక్కుళ్ళు వేడిచేసుకుని, సెట్టు పక్కనే కూర్చుని తిన్నాడు. అది గరగరలాడుతూనే ఉంది. కట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

జనవరి రెండు శుక్రవారం పడింది. చెక్కు రెండు రోజుల ముందే వచ్చింది. కవరు చింపి నెంబరు చూశాడు. క్రిస్మస్ చెక్కుకీ దీనికీ యాభై ఏడే తేడా. అంటే రాష్ట్రం మొత్తంలో కష్టం మంజూరైనవాళ్ళు అరవై మంది లోపే. వాళ్ళలో తనొకడు. ఎప్పుడూ చూడనివాడు ఈసారి నెంబరు చూశాడు, ఆ తర్వాతే ముక్కలు చూశాడు. మూడు, ఎనిమిది, రెండు, నాలుగు, ఏడు. జతలేదు. పెద్దంకె ఎనిమిది. ఆగస్టు నాటి దరిద్రమే మళ్ళీ.

ఆరింటికి మీట నొక్కాడు.

"సల్ఫర్, ఇక్కడ నలభై రెండు."

గరగర.

"సల్ఫర్, నలభై రెండు. పార్టు నెంబరు." ఆగాడు. ఎవరూ రాలేదు. ఆయిలు డబ్బా చదవడం మర్చిపోయాడు, గొంతు తుప్పుపట్టే ఉంది. అయినా చదివాడు. "మూడు. ఎనిమిది. రెండు. నాలుగు. ఏడు."

అవతల కుర్చీ చప్పుడు లేదు. జిల్లా పొడవునా ఎవరెవరి ఇళ్ళలో రొట్టెలు మాడిపోతున్నాయో తెలియదు. మామూలుగా అయితే ఆ ఊహకే లియోన్ సెట్టు కట్టేసి ఉండేవాడు. ఇవాళ ఆ సిగ్గు కూడా అడ్డురాలేదు.

"డార్లీన్, విను. నీ దగ్గర కాగితం ఉందో లేదో నేనడగను. ఎప్పటికీ అడగను. ఆ రోజు అడిగినందుకు బుద్ధొచ్చింది. ఇక్కడ రెండు వారాలయింది మనిషి గొంతు విని. నాకు కాగితం అక్కర్లేదు. ఒక నెంబరు చదువు, చాలు. ఏదో ఒకటి."

మీట వదిలాడు. గోడ మీద కొత్త క్యాలెండరు ఉంది, దాని మీద ఇంకా గీతలు గీయలేదు. పాతదాని మీద డిసెంబరు కాగితంలో ఆమె వరస ఖాళీగా ఉంది. లియోన్ దానివైపు చూడకుండా చేతుల్ని చూసుకున్నాడు. ఒక నిమిషం అయింది. రెండయ్యాయి.

కుర్చీ కిర్రుమంది.

"ఐదు," అంది డార్లీన్. గొంతు బొంగురుగా ఉంది, ఆమెకీ పొద్దున్నే అదే మొదటి మాట అయినట్టు. "మూడు... ఏడు... రెండు... నాలుగు."

లియోన్ పెన్ను తీసుకుని రాసుకున్నాడు. అంకెలు సరిగ్గా కనపడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆగస్టులో వాడేశావది," అన్నాడు.

"అయితే ఏం? నచ్చింది. మళ్ళీ పడింది. పడకూడదా?"

"పడొచ్చు."

"ఓడిపోయాను కదా?"

"చిత్తుగా."

"సరే. కొత్త ఏడాదికి మొదటి కప్పు. పోయిన ఏడాదివి పద్నాలుగు. అన్నీ ఒకేసారి ఎలా పోస్తాను? ఇవాళ ఫ్లాస్కులో పోసి అరవై ఒకటో రాయికి వేలాడదీసి పోతా. నువ్వొచ్చినప్పుడు తీసుకుని తాగు, ముసలోడా."

"వేలాడదీయకు."

"మరి?"

"పట్టుకుని నిలబడు."

గరగర. ఆ గరగరలో దూరంగా ఎవరో, యోస్టో, యోస్ట్ పెళ్ళామో, మరెవరో, పొరపాటున మీట నొక్కి గొంతు సవరించుకుని గబుక్కున వదిలేశారు.

"అక్కడ గాలికి మనిషి నిలవడు, తెలుసా?" అంది డార్లీన్.

"తెలుసు. త్వరగానే వస్తా."

"ఎన్నింటికి?"

"పదింటికి."

"పదింటికి," అంది ఆమె, పార్టు నెంబరు రాసుకున్నట్టు.